షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పి: నడవాలా, యోగా చేయాలా, బరువులెత్తాలా?

ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న మా పర్లాకిమిడిలో పొద్దున్న అయిదున్నరకి మహేంద్రతనయ నది గట్టు వైపు వెళ్ళి చూడండి, సగం ఊరు అక్కడే ఉంటుంది. తెలుగులో మొదలైన మాట ఒడియాలోకి వెళ్ళి మళ్ళీ తెలుగులోకి వచ్చేలోపు ఒక రౌండు అయిపోతుంది. మాటలన్నీ ఒకటే, ఫాస్టింగ్ ఎంతొచ్చింది, మాత్ర మార్చారా, మోకాలికి ఏ నూనె రాస్తున్నావు. ఇక్కడి డాక్టరుకి చూపించుకున్నా, బరంపురం వెళ్ళినా, శ్రీకాకుళం వెళ్ళినా చీటీ అడుగున ఒకటే మాట రాసి పంపుతారు: వాకింగ్. ఎంతసేపు, ఎప్పుడు, ఎలా, ఎవరు చేయకూడదు, అవేవీ ఉండవు. బయట ఇంకో అరవైమంది వెయిట్ చేస్తున్నప్పుడు ఆయన మాత్రం ఏం చెప్తాడు లెండి.

నాకు అరవై ఒకటి. షుగరు తొమ్మిదేళ్ళుగా ఉంది, బీపీ నాలుగేళ్ళుగా. నడక ఒక్క రోజు కూడా మానలేదు, అదే నా గర్వం. అయినా పోయినేడాది మూడు నెలల షుగరు సగటు (HbA1c పరీక్ష) 7.4 నుంచి 8.1కి పోయింది. అప్పుడు ఒక ఫిజియో అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు రెండూ గుండెల మీద కట్టుకోమని, ముప్ఫై సెకన్లలో ఎన్నిసార్లు లేచి నిలబడగలరో చూపించండి అంది. తొమ్మిదిసార్లు లేచాను, తొడలు వణికాయి. 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు కనీసం 14 సార్లు, ఆడవాళ్ళు 12 సార్లు లేవగలగాలట. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచే మనిషిని, కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఆ రోజునుంచి చదివినవీ, అడిగి తెలుసుకున్నవీ, మా ఇంట్లో నలుగురి మీద చూసినవీ కలిపి ఇది రాస్తున్నాను. నేను డాక్టరుని కాను, మందుల విషయం మీ డాక్టరుతోనే తేల్చుకోండి. కానీ "ఏ వ్యాయామం మంచిది" అని అడిగేవాళ్ళకి నా జవాబు ఒకటే. ఏ జబ్బు, ఏ మందు, ఏ కాళ్ళు, ఏ ఊరు అన్నది చెప్పకుండా ఆ ప్రశ్నకి జవాబు లేదు.

ఎంత చేయాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ళ గురించి విడిగా చెప్పారు. వారానికి 150 నుంచి 300 నిమిషాలు మోస్తరు శ్రమ, దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని, 65 దాటినవాళ్ళైతే మూడు రోజులు పడిపోకుండా నిలదొక్కుకునే సాధన కూడా. మనవాళ్ళం మొదటిది చేసి మిగతా రెండూ వదిలేస్తాం. పడ్డాక తుంటి ఎముక విరిగి మంచాన పడిన పెద్దవాళ్ళు మన వీధుల్లో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

మోస్తరు అంటే ఏమిటో కొలవడానికి వాచీ అక్కర్లేదు. చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట కూడా వస్తోందంటే అది షికారు. మాటే రావట్లేదంటే మనకి ఎక్కువైంది. బీపీకో గుండెకో మెటోప్రోలాల్, అటెనోలాల్ లాంటివి వాడేవాళ్ళకి ఇదే సరైన కొలత, ఎందుకంటే ఆ మాత్రలు గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి, చేతి వాచీ చూపించే అంకెని నమ్ముకుని ఇంకా కొట్టుకోవాలి, ఇంకా కొట్టుకోవాలి అని పరిగెత్తారంటే లేనిపోని తంటా.

నడక: చవక, మంచిది, కానీ

ఖర్చు లేదు, నేర్చుకునేది లేదు, తోడు దొరుకుతుంది. పాతపట్నం నీలమణి దుర్గ గుడి దాకా నడిచి వెళ్ళి వచ్చేవాళ్ళు మా వీధిలో ఉన్నారు, రోజూ రాష్ట్రం దాటి ఆంధ్రాకి వెళ్ళొచ్చే వ్యాయామం మనకి తప్ప ఎవరికుంది.

పదివేల అడుగుల పిచ్చి మాత్రం వదిలేయండి. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక యంత్రం అమ్మారు, దాని పేరుకే పదివేల అడుగుల మీటరు అని అర్థం, ఆ అంకె అక్కణ్ణుంచి పాకింది, ఏ వైద్య పరిశోధనలోంచీ రాలేదు. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్ళతో పోలిస్తే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి, 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ తేడా పెరగడం ఆగిపోయింది. మీ అమ్మగారు నాలుగువేలు నడుస్తుంటే పదివేలు చేయమని వెంటపడకండి.

షుగరు ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఇంకొకటి. పొద్దున్న ఒకేసారి గంట నడవడం కన్నా అన్నం తిన్నాక పది, పదిహేను నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచి చూడండి. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో పనిలేకుండానే రక్తంలో చక్కెరని లాక్కుంటుంది, కాబట్టి తిన్న చక్కెర రక్తంలోకి చేరే సమయానికే కాళ్ళు కదులుతుంటే పైకి లేవాల్సిన అంకె అంతగా లేవదు. మనది వరన్నం మీద బతికే ప్రాంతం, రాత్రి భోంచేసి అలాగే టీవీ ముందు కూర్చునే అలవాటు. రాత్రి అన్నం తర్వాతి పదిహేను నిమిషాలే నా మటుకు నాకు అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించాయి. వరసగా రెండు రోజులకి మించి మానొద్దు, ఎందుకంటే ఒకసారి చేసిన శ్రమ ప్రభావం ఒకటి నుంచి మూడు రోజుల్లో దిగిపోతుంది. ఆదివారం రెండు గంటలు కష్టపడి మిగతా వారమంతా పడుకుంటే లెక్క కుదరదు.

ఇక లో షుగరు సంగతి. గ్లిమెపిరైడ్ వేసుకుని, చక్కెర లేని టీ తాగి, ఖాళీ కడుపుతో బయల్దేరాను ఒకరోజు. రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి చెమటలు, చేతులు వణుకు, నోట్లో మాట ముద్దగా వస్తోంది. పక్కనున్నాయన పొద్దున్నే తాగొచ్చాడనుకుని దూరంగా జరిగాడు. టీ కొట్టు కుర్రాడే గ్రహించి గ్లాసులో పంచదార కలిపి ఇచ్చాడు. అందుకని చెప్తున్నాను, ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ గానీ వాడుతుంటే నడిచే ముందు ఒకసారి వేలు గుచ్చి చూసుకోండి. 100 లోపు ఉంటే ఏదో ఒకటి తిని బయల్దేరండి. జేబులో గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ ఉండాలి, లో అయితే మూడు టీస్పూన్లు వేసుకుని పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూసుకోవాలి. 250 దాటి, ఒంట్లో నలతగా, వాంతి వచ్చేలా ఉంటే ఆ పూట వ్యాయామం వద్దు, డాక్టరుని అడగండి. ఇన్సులిన్ తొడకి పొడుచుకుని వెంటనే నడిస్తే అది తొందరగా ఎక్కేస్తుంది, పొట్టకి వేసుకోవడం మేలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి ఈ లో భయం దాదాపు లేదు. ఇంకో చిన్న మెలిక, పైన చెప్పిన గుండె వేగం తగ్గించే మాత్రలు వాడేవాళ్ళకి లో అయినప్పుడు గుండెదడ తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. కారణం లేకుండా చెమట పడితే అనుమానించండి.

చెప్పుల్లేకుండా గడ్డి మీద నడిస్తే షుగరు తగ్గుతుందని గట్టు మీద ఒక పెద్దాయన అందరికీ చెప్తుంటారు. దయచేసి వినకండి. తిమ్మిర్లున్న కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, నాలుగు రోజుల తర్వాత చీము పట్టాక తెలుస్తుంది. షుగరు కాళ్ళకి వాడే మెత్తటి రబ్బరు (ఎంసీఆర్) చెప్పులో, వేళ్ళని నొక్కని బూట్లో వేసుకోండి, ఇంటికొచ్చాక అరికాళ్ళు చూసుకోండి, వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకుని. గోపాల్‌పూర్ వెళ్ళినప్పుడు ఇసకలో ఒట్టికాళ్ళతో నడవాలని ఎవరికైనా అనిపిస్తుంది, తిమ్మిరి కాళ్ళవాళ్ళూ మోకాళ్ళవాళ్ళూ తడి ఇసక మీద, చెప్పులతో, కాసేపే.

బలం కసరత్తు: మనం చిన్నచూపు చూసేది

మా ఇంట్లో బరువులెత్తడం అనగానే మా ఆవిడ నవ్వింది. ఈ వయసులో కండలెందుకు అని. కండలు చూపించుకోవడానికి కాదు, చక్కెరని దాచుకునే పెద్ద గిడ్డంగి కండరమే. గిడ్డంగి చిన్నదైపోతుంటే ఎంత నడిచినా సరుకు ఎక్కడ పెడతాం. షుగరులో నడకా బలం కసరత్తూ రెండూ కలిపి చేసినవాళ్ళకి, ఏదో ఒక్కటే చేసినవాళ్ళకంటే మూడు నెలల సగటు బాగా తగ్గుతుందని పరీక్షల్లో తేలిన విషయమే. నాకు ఏడు నెలల్లో 8.1 నుంచి 7.2కి వచ్చింది. మధ్యలో అన్నం కూడా కొంచెం తగ్గించాను, మొత్తం గొప్ప కుర్చీదే అనను.

జిమ్ముకెళ్ళాలా, ఇంట్లోనా? బరంపురంలో, రాయగడలో జిమ్ములు బాగానే ఉన్నాయి, మా ఊళ్ళోనూ వచ్చాయి. అందులో ఉండేది పాతికేళ్ళ కుర్రాళ్ళు, నేర్పేవాడికి తెలిసింది వాళ్ళ లెక్కే. నేనొక చోట నెల రోజులు డబ్బు కట్టాను, షుగరు ఉందని చెప్పినా మొదటిరోజే అరవై కిలోల మనిషిని నలభై కిలోలు మోయమన్నారు, నడుం పట్టేసి పది రోజులు పడుకున్నాను. జబ్బు సంగతి అడిగి రాసుకునే ట్రైనర్ దొరికితే వెళ్ళండి, ఫీజు దండగ కాదు. లేకపోతే ఇల్లే మేలు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకి చేతులానించి ముందుకీ వెనక్కీ తోసుకోవడం పదిసార్లు, మడమలు ఎత్తి దించడం పదిహేనుసార్లు, లీటరు నీళ్ళ సీసాలు రెండు పట్టుకుని మోచేతులు మడవడం. సాగే రబ్బరు బ్యాండు ఒకటి కొనుక్కుంటే వీపుకి కూడా పని దొరుకుతుంది. ఇరవై నిమిషాలు, రోజు విడిచి రోజు. ఆఖరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి, సులువైపోతే సీసాలో నీళ్ళ బదులు ఇసక పోయండి.

బీపీ ఉన్నవాళ్ళు ఇక్కడ ఆశ్చర్యపోతారు. 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 270 పరీక్షల్ని కలిపి లెక్కవేసిన విశ్లేషణ వచ్చింది. నడక, పరుగు లాంటివి పై అంకెని సగటున 4.5 దాకా తగ్గిస్తే, కండరాలు బిగించి కదలకుండా ఉండే కసరత్తులు 8 దాకా తగ్గించాయి. అంటే గోడకి వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు ఉండడం. చిన్నప్పుడు బళ్ళో గోడకుర్చీ వేయించేవారు గుర్తుందా, అదే. మాస్టారు మనకి శిక్ష అనుకుని బీపీ మందు వేశారన్నమాట. ఆ పరీక్షల్లో మామూలుగా రెండు నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో విశ్రాంతితో, వారానికి మూడు రోజులు చేయిస్తారు. మనం పూర్తిగా కిందికి దిగనక్కర్లేదు, కొంచెం వంగి ఇరవై సెకన్లతో మొదలుపెట్టండి. శరీరాన్ని బిగించండి గానీ ఊపిరి బిగించొద్దు, ఊపిరి బిగబట్టి కష్టపడితే బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. బయటికి అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది. కూర్చుని చూసుకున్నప్పుడే పైది 180 గానీ కిందిది 110 గానీ దాటి ఉంటే ఆ రోజు ఏదీ వద్దు, ముందు డాక్టరు. ఇలా చేస్తున్నాం కదా అని మాత్ర మీరే ఆపేయకండి, తగ్గించేది ఆయన.

షుగరు వల్ల కంటి వెనక రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్ళు, లేజర్ చేయించుకున్నవాళ్ళు బరువులకీ, తల కిందికి పెట్టే ఆసనాలకీ కంటి డాక్టరుని అడక్కుండా పోవద్దు.

యోగా

యోగా మంచిదా నడక మంచిదా అని మా బావ, నేను దసరా రోజు పోట్లాడుకున్నాం. ఆయన పక్షం యోగా. నా మాట ఇది: నడుంనొప్పికీ, నిద్రకీ, టెన్షన్ తగ్గడానికీ, ఒళ్ళు వంగడానికీ, ఒంటికాలి మీద నిలబడి తూగడానికీ యోగా బాగా పనికొస్తుంది, బీపీ కూడా కొంత దిగుతుంది. వృక్షాసనం గోడ పక్కన నిలబడి చేస్తే పెద్దవాళ్ళు పడకుండా ఉండే సాధన అదే. కానీ పడుకుని, కూర్చుని చేసే నాలుగు ఆసనాలతో గుండెకి కావలసిన శ్రమ, తొడలకి కావలసిన బలం వచ్చాయనుకుంటే పొరపాటు. యోగాని నడకకి బదులుగా కాక, తోడుగా పెట్టుకోండి. బీపీ అదుపులో లేనివాళ్ళు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు కపాలభాతి టీవీలో చూసి మొదలుపెట్టకూడదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి వజ్రాసనం వద్దు, సూర్యనమస్కారాలు కూడా కుర్చీ పట్టుకుని చేసే పద్ధతిలోనే. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో కొన్నిచోట్ల యోగా ఉచితంగా నేర్పిస్తున్నారు, షుగరు, బీపీ కూడా అక్కడే చూస్తారు, మీ వార్డు ఆశా కార్యకర్తని అడిగితే ఏ రోజో, ఏ వేళకో చెప్తుంది.

సైకిల్, ఈత, పొలం పని

మోకాళ్ళు నొప్పి, బరువు ఎక్కువ, కానీ గుండెకి శ్రమ కావాలి అన్నవాళ్ళకి సైకిలే నా ఓటు, ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి. సీటు ఎత్తుగా పెట్టుకోండి, కాలు కిందికి వెళ్ళినప్పుడు మోకాలు దాదాపు సాగాలి. మన రోడ్ల మీద భయమైతే, కదలకుండా నిలబడి ఉండే సైకిలు సెకండ్‌హ్యాండ్‌లో చూడండి, జిమ్ము మానేసినవాళ్ళు బట్టలారేసుకుంటున్నవి చాలా ఉన్నాయి. ఈత అన్నిటికన్నా మంచిదని అందరూ అంటారు, నిజమే, కొలను ఎక్కడుందో చెప్పమనండి. నదిలో ఈత పెద్దవయసు జబ్బు మనుషులకి నేను చెప్పను.

పొలం పని చేసేవాళ్ళకి వేరే వ్యాయామం ఎందుకు అంటారు. నాట్లకాలంలో నిజంగానే అక్కర్లేదు, ఆ శ్రమ లెక్కలోకే వస్తుంది. కానీ కోతలైపోయాక మూడు నాలుగు నెలలు ఖాళీ, అప్పుడే అంకెలు పైకి పోతాయి. ఇంటి పని కూడా అంతే, వంగుని ఊడవడం, నీళ్ళు మోయడం శ్రమే, గ్యాసు పొయ్యి దగ్గర నిలబడడం మాత్రం కాదు.

మోకాళ్ళు

ఇది కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. "గుజ్జు అరిగిపోయింది, నడిస్తే ఇంకా అరుగుతుంది" అని మా అమ్మ రెండేళ్ళు మంచం దిగలేదు. వాళ్ళ చెల్లెలు దానికి విరుద్ధం, నొప్పిని లెక్కచేయకుండా రోజుకి అయిదు కిలోమీటర్లు నడిచి మోకాలు వాచేలా చేసుకుంది. ఇద్దరూ తప్పే. అరుగుదలకి ప్రపంచమంతా మొదట ఇచ్చే చికిత్స వ్యాయామమే, కానీ మొదలుపెట్టాల్సింది నడకతో కాదు, తొడ ముందు కండరంతో. కుర్చీలో కూర్చుని కాలు చాపి అయిదు సెకన్లు పట్టి ఉంచి దించడం, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి నొక్కడం, ఎత్తైన కుర్చీలోంచి లేవడం. డెన్మార్క్‌లో 2013 నుంచి ఇలాంటివాళ్ళకి ఒక కార్యక్రమం నడుస్తోంది, ఆరు వారాల్లో పన్నెండు వ్యాయామ తరగతులు, ముందు రెండు తరగతులు ఏం జరుగుతోందో అర్థమయ్యేలా చెప్పడానికి. మన జిల్లా ఆసుపత్రిలో ఫిజియో ఉంటే అదే ఆరువారాల లెక్క అడగండి, రెండు రోజులు కరెంటు పెట్టించుకుని వచ్చేయకండి.

నొప్పి వస్తే ఆపాలా? చేస్తున్నప్పుడు కాస్త నొప్పి ఫర్వాలేదు. మర్నాడు పొద్దుటికి మామూలు స్థితికి వస్తే అంతే చేయండి, మర్నాటికీ ఎక్కువగా ఉన్నా, వాపు వచ్చినా సగానికి తగ్గించండి. బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చెప్పారు. అమ్మ ఇప్పుడు కుర్చీ నుంచి పన్నెండుసార్లు లేస్తుంది, వీధి చివర రామమందిరం దాకా కర్రతో వెళ్ళొస్తుంది. నొప్పి పూర్తిగా పోలేదు, మంచం మాత్రం వదిలింది.

మోకాళ్ళ గురించి చెప్తూ మూత్రపిండాల మాట ఎత్తకుండా ఉండలేను. పక్కనే ఉద్దానం, ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు మనందరికీ చుట్టాలున్నారు, కిడ్నీ జబ్బు ఎలా కమ్ముకుందో చూశాం. నడిచి వచ్చి నొప్పి అని మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగే అలవాటు కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకి విషం లాంటిది. నొప్పి మాత్ర వేసుకుంటే తప్ప చేయలేని వ్యాయామం మీ వ్యాయామం కాదు, తగ్గించుకోండి. కిడ్నీ జబ్బు తొలి దశల్లో తేలికపాటి నడక, బ్యాండు కసరత్తు మంచివే, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకి కూడా డాక్టరు చూసి చేయిస్తారు. ఎండలో చెమట కార్చుకుంటూ మాత్రం వద్దు. ఎంత నీళ్ళు తాగాలో కూడా అందరికీ ఒకటి కాదు, మీకు చెప్పిన కొలతే. మే నెలలో మా దగ్గర ఉక్క సంగతి తెలిసిందే, బీపీకి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వాడేవాళ్ళు పొద్దున్న ఆరు దాటాక బయట నడవడం కంటే ఇంట్లో ఫ్యాను కింద కుర్చీ కసరత్తు నయం.

గుండె, ఊపిరి

1953లో లండన్ బస్సుల మీద ఒక అధ్యయనం అచ్చయింది. రోజంతా కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువని తేలింది. శ్రమకీ గుండెకీ ఉన్న లంకె అప్పటినుంచే గట్టిగా బయటపడింది. అయితే జబ్బు రాకుండా చేసే శ్రమ వేరు, వచ్చాక చేసే శ్రమ వేరు. మా చిన్నాన్నకి స్టెంట్ వేసి పంపించారు, "రెస్టు తీసుకోండి" అన్నారు, ఆయన ఏడాది తీసుకున్నాడు. గుండెపోటు, స్టెంట్, బైపాస్ తర్వాత పర్యవేక్షణలో మెల్లగా పెంచే వ్యాయామం చికిత్సలో ఒక భాగం, దాన్ని కార్డియాక్ రిహాబ్ అంటారు. మనకి పెద్ద ఊళ్ళలోనే దొరుకుతుంది, రోజూ వెళ్ళలేం. చేయగలిగింది ఇది: డిశ్చార్జి రోజునే "ఎప్పటినుంచి, ఎన్ని నిమిషాలు, బరువు ఎంతవరకు" అని అడిగి రాయించుకోండి. మామూలుగా అయిదు పది నిమిషాల చదును నడకతో మొదలై మెల్లగా పెరుగుతుంది. బైపాస్ అయినవాళ్ళు రొమ్ము ఎముక అతుక్కునేదాకా, అంటే రెండు మూడు నెలలు, డాక్టరు సరేననేవరకు బిందె ఎత్తకూడదు. నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసిచ్చి ఉంటే జేబులో ఉండాలి, ఇంట్లో బీరువాలో కాదు.

ఆయాసం జబ్బు, అంటే ఏళ్ళ తరబడి బీడీలవల్లో కట్టెల పొయ్యి పొగవల్లో వచ్చినది, కోరాపుట్, రాయగడ కొండ ఊళ్ళలో ఆడవాళ్ళలోనూ చూస్తాం. వీళ్ళు ఆయాసానికి భయపడి కదలడం మానేస్తారు, కాళ్ళు బలహీనపడి తర్వాత చిన్న పనికే ఇంకా ఆయాసం. వ్యాయామం ఊపిరితిత్తిని బాగు చేయదు, కానీ అదే ఊపిరితో ఎక్కువ దూరం పోయేలా కాళ్ళని తయారు చేస్తుంది. ఏటవాలు దారులు వదిలి చదునుగా నడవండి, రెండు నిమిషాలు నడిచి ఒక నిమిషం ఆగండి, ముక్కుతో పీల్చి పెదాలు సున్నాలా చుట్టి దీపం రెపరెపలాడేలా మెల్లగా వదలండి. డాక్టరు చెప్పి ఉంటే ఇన్‌హేలర్ ముందే పీల్చుకోండి. కోరాపుట్ చలికాలం పొద్దుటి పొగమంచులో బయల్దేరకండి, ఎండ వచ్చాక చాలు.

ఎవరైనా సరే, ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే అక్కడే ఆగి కూర్చోండి. కూర్చున్నా తగ్గకపోతే 108. ఇంకో రౌండు పూర్తిచేద్దాం అనుకోవద్దు. జ్వరం ఉన్న రోజు సెలవు.

నన్ను తేల్చి చెప్పమంటే

షుగరా, అన్నాల తర్వాత నడకలు, రోజు విడిచి రోజు కుర్చీ కసరత్తు. బీపీయా, నడకకి తోడు గోడకుర్చీ. మోకాళ్ళా, తొడ కసరత్తు ఆరు వారాలు, ఆ తర్వాత సైకిలు, ఆ తర్వాతే నడక. గుండెకీ ఊపిరికీ డాక్టరు రాసిచ్చిన నిమిషాలే. ఈ నాలుగూ ఒకే మనిషిలో ఉంటే, మనలో చాలామందికి ఉంటాయి కూడా, అన్నిటికంటే ఎక్కువ ప్రమాదమున్న జబ్బు లెక్క ప్రకారం మొదలుపెట్టండి, ముందు గుండె, తర్వాత లో షుగరు, తర్వాత మోకాళ్ళు.

ఇక్కడ డాక్టరు ఒడియాలో అడుగుతాడు, ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో జవాబిస్తారు, మధ్యలో సగం సంగతి జారిపోతుంది. అందుకే వెళ్ళే ముందు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మూడే మూడు ప్రశ్నలు పట్టుకెళ్ళండి. నేను ఏ కసరత్తు చేయకూడదు? ఏ మందుకి ముందు జాగ్రత్త? ఏ అంకె దాటితే ఆపాలి? ఒడియా వచ్చిన మనవడిని వెంట తీసుకెళ్ళండి, ఫోను చూసుకోనివ్వకుండా.

రేపే మొదలుపెడుతుంటే ఒక మాట. ప్లాస్టిక్ కుర్చీ అయితే గోడకి ఆనించి పెట్టండి. మా హాల్లో నున్నటి టైల్స్, రెండోరోజే అది వెనక్కి జారింది, నేను కింద కూర్చున్నాను, మా ఆవిడ మళ్ళీ నవ్వింది.